మందతో పోయినారు సార్

సుబ్బరత్నమ్మ ఆత్మకూరు బస్టాండులో దిగిందంటే చూసేవాళ్ళకు ఎవరో ఆఫీసరమ్మ దిగినట్టు ఉంటుంది. అటూ ఇటూ చూడదు, ఎవరినీ దారి అడగదు. చంకన ఒక ప్లాస్టిక్ కవరు, అందులో కాగితాలు, కాళ్ళకు కువైటు నుంచి తెచ్చుకున్న బూట్లు. మా పల్లె ఆడవాళ్ళలో చీర మీద బూట్లు వేసుకున్నది ఆమె ఒక్కతే. "ముళ్ళు గుచ్చుకోవు, మడమలు పగలవు. నగేదానికి మీకు పళ్ళుండాయి, నగండి" అని మొదటిరోజే చెప్పేసింది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

మాది సీతారామపురం మండలంలో కొండ కింద పల్లె. అందరికీ జీవాలే ఆధారం. గొర్రెలు, మేకలు, కొందరికి పాలిచ్చే ఎనుములు. వాన పడితే కంది, సజ్జ వేసుకుంటాం. పడకపోతే పెంచలకోన స్వామి మీద భారం వేసి జీవాలను తోలుకుని మేత ఉన్న దిక్కుకు పోతాం. సుబ్బరత్నమ్మ పుట్టిల్లు కలువాయి. మా పల్లెకు కోడలుగా వచ్చింది. భర్త పెంచలనరసయ్య మాట తక్కువ మనిషి. పగలంతా గొర్రెలతో మాట్లాడి మాట్లాడి ఇంటికొచ్చేసరికి ఆయన దగ్గర మాటలు అయిపోతాయని ఆమె ఎగతాళి చేస్తుంది. ఆయన దానికీ నవ్వి ఊరుకుంటాడు.

కూతురు లిఖిత చిన్నపిల్లగా ఉన్నప్పుడే సుబ్బరత్నమ్మ కువైటు పోయింది. అప్పట్లో ఆమె పుట్టింట్లో ఉండడం వల్ల తొలి పాస్‌పోర్టు కలువాయి అడ్రసు మీద వచ్చింది. పోయింది మొదలు ఒకే ఇంట్లో పని. మంచాన పడిన ఒక పెద్దామెను చూసుకోవాలి. స్నానం చేయించడం, తల దువ్వడం, అన్నం తినిపించడం. ఆ పెద్దామెకు ఈమె భాష రాదు, ఈమెకు మొదట్లో ఆమె భాష రాదు. అయినా పొద్దున సుబ్బరత్నమ్మ వంటింటి కిటికీ దగ్గర కళ్ళు మూసుకుని పెంచలకోన స్వామిని తలుచుకుంటుంటే, ఆ పెద్దామె పక్కగదిలో టీవీ గొంతు తగ్గించేదట. ఎవరూ చెప్పకుండానే. "దేవుడి కాడ ఉండేటప్పుడు గొంతు తగ్గించాలని ఆ తల్లికి ఎవురు నేర్పించినారో" అని సుబ్బరత్నమ్మ ఇప్పటికీ చెప్పుకుంటుంది.

ఈసారి ఆమె శివరాత్రికి ముందు సెలవు మీద వచ్చింది. పాస్‌పోర్టు గడువు దగ్గర పడింది. కొత్త పాస్‌పోర్టు లేకపోతే అక్కడ ఉండేందుకిచ్చే అకామా మళ్ళీ వేయరు. ఆ ఇంటి మేడమ్ మంచిదే కానీ ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పింది. పెద్దామెకు ఒంట్లో మరీ నీరసంగా ఉంది, తాత్కాలికంగా పెట్టుకున్న మనిషి చేతి ముద్ద తినడం లేదు. ఫలానా తేదీలోగా వస్తే సరి, రాకపోతే వేరే మనిషిని శాశ్వతంగా పెట్టుకుంటాం అంది. సుబ్బరత్నమ్మ ఆ తేదీని మన లెక్కలో చూసుకుంది. వైశాఖంలో వచ్చే పెంచలకోన బ్రహ్మోత్సవాలు మొదలయ్యేలోగా ఆమె కువైటులో ఉండాలి. లిఖిత నెల్లూరులో నర్సింగు చదువుతోంది. అది పూర్తయ్యేదాకా ఆ పని నిలబడాలి. సుబ్బరత్నమ్మ మనసులో ఉన్నది ఇంతే. భయం లేదు. "దరఖాస్తు పెడతాం, ఫొటో దిగుతాం, వస్తాది. కువైటులో ఇట్టాంటి ఆఫీసులు ఎన్ని చూడలేదు" అనుకుంది.

ఆత్మకూరులో సురేంద్రబాబు నెట్ సెంటరు నడుపుతాడు. పాస్‌పోర్టు దరఖాస్తులంటే మా వైపు వాళ్ళంతా అతని దగ్గరికే పోతారు. మంచి పిల్లవాడు. ముసలివాళ్ళు వస్తే తన కుర్చీ ఇచ్చి తను నిలబడి టైపు చేస్తాడు.

"అడ్రసు పాతదేనా అక్కా, మార్చాలా?" అని అడిగాడు.

"మార్చాల. పుట్టిల్లు ఎన్నాళ్ళు మోస్తాను అబ్బయ్యా? ఆధార్ ఎప్పుడో అత్తగారి ఊరికి మార్చేసినా. ఇదీ ఆ పక్కనే పెట్టు."

"మారిస్తే పోలీస్ ఎంక్వైరీ ఉంటాది. పోలీసాయన ఇంటికొచ్చి నువ్వు ఆడ ఉండావో లేదో చూసుకుంటాడు. ఊరు విడిచి పోబాక."

"ఉండక యాడికి పోతాను?"

"నువ్వా? కువైటే పోయినదానివి. మీ ఆయన మంద తోలుకుపోయిన సంగం నీకెంత దూరం?" అని అతను నవ్వాడు. అతను ఊరికే అన్నాడు కానీ ఆ మాటే నిజమైంది.

నెల్లూరు పాస్‌పోర్టు ఆఫీసులో పని సులువుగానే అయింది. వరసలో వెనక నిలబడిన ఎవరో కావలి ఆయన ఈమె జెరాక్సు ఒకటి మర్చిపోయిందని గమనించి, "నువ్వు పోయి తెచ్చుకో తల్లీ, నీ చోటు నేను చూస్తా" అన్నాడు. తిరిగొచ్చేసరికి ఆయన తన వంతు వచ్చినా పోకుండా పక్కకు జరిగి నిలబడి ఉన్నాడు. ఆయన పేరు కూడా తెలియదు. ఇలాంటివాళ్ళను స్వామి ఎక్కడికక్కడ నిలబెట్టి ఉంచుతాడు, మనం చూసుకోవాలి అంతే.

ఆ పని ముగించుకుని సుబ్బరత్నమ్మ ఊరికి వచ్చింది. ఊళ్ళో ఎవరికీ ఏమీ చెప్పలేదు. పని చేతికి వచ్చేదాకా ప్రయాణం సంగతి నోట రాకూడదని మా పల్లెలో గట్టి పట్టింపు. చెబితే దిష్టి తగులుతుందని. అంతలో సంగం నుంచి పెంచలనరసయ్య ఫోను చేశాడు. పెన్న కాలువ కింద వరి కోతలు అయిపోయాయి. ప్రతి ఏడూ ఆ రోజుల్లో మావాళ్ళు మందలను అటు తోలుకుపోతారు. కోసిన మళ్ళలో జీవాలు మేస్తాయి, రాత్రిళ్ళు ఆ పొలాల్లోనే మందను నిలబెడతారు, ఆ ఎరువు రైతుకు. ఆయనకు జ్వరం తగిలింది. ఆ సంగతి కూడా ఆయన చెప్పలేదు. "బాగుండానులే" అన్న గొంతు విని ఈమె గ్రహించుకుంది.

తాళం వేసి, సంగం బస్సెక్కింది. ఒక్కరోజులో వచ్చేద్దామనుకుంది. ఆయన జ్వరం తగ్గేదాకా మళ్ళలోనే ఉండిపోయింది. ఫోను చార్జింగ్ అయిపోయింది. ఆ పొలాల్లో ఫోను తగిలించడానికి పొట్టేలు కొమ్ములు తప్ప ఇంకేం దొరుకుతాయి?

సరిగ్గా ఆ రోజుల్లోనే పోలీసాయన మా పల్లెకు వచ్చాడు.

ఇక్కడ మా పల్లె సంగతి ఒకటి చెప్పాలి. పిల్లలకు నడక వచ్చేనాటికి ఒక మాట కూడా వచ్చేస్తుంది. ఖాకీ గుడ్డలు వేసుకున్న మనిషి ఎవరి పేరు అడిగినా, "మందతో పోయినారు సార్, ఏ పక్కకు పోయినారో తెలీదు" అనాలి. మా కొండ మీద పైభాగమంతా అడవి శాఖది. ఎండాకాలం కింద గడ్డి మాడిపోతే జీవాలు పైకి ఎక్కుతాయి. వాటికి హద్దులు తెలియవు, తెలిసిన మాకు వేరే దారి ఉండదు. గార్డు వచ్చి "ఈ మంద ఎవరిది?" అంటే ఊరంతా ఒకే మాట. తాతల నుంచీ అంతే. ఆ వచ్చే గార్డులకూ సంగతి తెలుసు. మజ్జిగ తాగి, "వస్తే ఒకసారి కనబడమనండి" అని పోతారు. ఎవరికీ నష్టం లేకుండా ఆ మాట ఇన్నాళ్ళూ మమ్మల్ని కాచింది.

పోలీసాయన పేరు యేసురత్నం. బండి దిగి, ఎదురుగా అరుగు మీద కందులు చెరుగుతున్న ఆదిశేషమ్మను అడిగాడు. ఆదిశేషమ్మ పెంచలనరసయ్యకు పెద్దమ్మ. సుబ్బరత్నమ్మ ఇంటికి ఎదురిల్లే.

"సుబ్బరత్నమ్మ, భర్త పెంచలనరసయ్య. ఇల్లు ఏదవ్వా?"

ఆదిశేషమ్మ చేట దించలేదు. "ఏం పని నాయనా?"

"ఎంక్వైరీ."

ఆ మాటతో ఆమెకు అంతా అర్థమైపోయింది. అంటే, అర్థమైందని అనుకుంది. "మందతో పోయినారు సార్. ఏ పక్కకు పోయినారో తెలీదు."

"ఎప్పుడొస్తారు?"

"అది జీవాల్ని అడగాల."

"పోనీ, ఆమె ఉండేది ఈ ఇంట్లోనే గదా?"

"ఈడెవురూ ఉండరు సార్. తాళం కనబడలా? ఊరికే గోడలుండాయి."

యేసురత్నం ఓపిక గల మనిషి. కొళాయి దగ్గర నీళ్ళు పడుతున్న ఆమెను అడిగాడు. అదే మాట. ఎనుమును కడుగుతున్న కోటేశ్వర్‌ను అడిగాడు. కోటేశ్వర్ మా పల్లెలో పెద్దమనిషి లెక్క, సుబ్బరత్నమ్మకు వరసకు బావ. ఆయన ఎనుము తోక వదలకుండా అదే మాట చెప్పాడు. ఆఖరికి గోలీలాడుతున్న ఒక పిల్లవాడిని అడిగితే, వాడు అడిగినదానికి జవాబు చెప్పి, "మా నాయన కూడా మందతో పోయినాడు సార్" అని ఒకటి కలిపాడు. ఆ నాయన గోడ వెనకాల బీడీ ఆర్పుకుంటున్నాడు.

సుబ్బరత్నమ్మకు ఫోను చేస్తే స్విచాఫ్. యేసురత్నం తలూపుకుంటూ బండెక్కాడు. పోతున్నవాడిని ఆదిశేషమ్మే వెనక్కి పిలిచి, "ఎండలో వచ్చినావు, మజ్జిగ తాగి పో" అని గ్లాసు చేతికిచ్చింది. ఆయన తాగి, దండం పెట్టి పోయాడు.

పెంచలనరసయ్యకు నెమ్మదించాక సుబ్బరత్నమ్మ సంగం నుంచి తిరిగొస్తూ ఆత్మకూరులో దిగింది. సురేంద్రబాబు దగ్గర ఫోను చార్జింగ్‌కు పెట్టింది. ఫోను ప్రాణం పోసుకోగానే మెసేజీ వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. అతను చదివి మళ్ళీ చదివాడు.

"అక్కా, పోలీసు రిపోర్టు నీకు వ్యతిరేకంగా పోయింది. ఆ అడ్రసులో నువ్వు నివాసం లేవంట."

"నివాసం లేకపోవడమేంది? నా ఇల్లు, నా తాళం, నా కరెంటు బిల్లు!"

"విచారించి రాసినట్టుంది అక్కా. ఊళ్ళో అడిగే రాస్తారు."

సుబ్బరత్నమ్మ బల్ల మీద చేయి ఆనించి నిలబడింది. సురేంద్రబాబు కుర్చీ జరిపి, ఎదురుకొట్టు నుంచి టీ తెప్పించాడు. ఆమె సగం టీ తాగి తేరుకుంది.

"సరే. లేనన్నోళ్ళ ముందర పోయి నిలబడతా. అప్పుడేమంటారో చూద్దాం."

అన్నట్టే అదే పూట మా మండలం పోలీసు స్టేషన్‌కు పోయింది. యేసురత్నం ఏదో రాసుకుంటున్నాడు. ఆయన బల్ల ముందు నిలబడి, "నేనే సుబ్బరత్నమ్మను సార్. లేనని రాసినారంట. బాగా చూసుకోండి, ఉండానా లేదా?" అంది.

పక్కన ఉన్న ఇంకో పోలీసు నవ్వాపుకోలేక బయటికి పోయాడు. యేసురత్నం మాత్రం మర్యాదగా కుర్చీ చూపించాడు.

"కూర్చోమ్మా. ఆ మాట నాది కాదు. మీ ఊరోళ్ళది. నలుగుర్ని అడిగినా. నలుగురూ ఒకే మాట. మా ఊళ్ళో నలుగుర్ని అడిగితే నాలుగు మాటలొస్తాయి. ఒకే మాట వచ్చినాక నమ్మక ఏం చేసేది?"

"ఏమన్నారు సార్?"

"మందతో పోయినారంట. ఏ పక్కకో తెలీదంట. ఇంట్లో ఊరికే గోడలుండాయంట."

సుబ్బరత్నమ్మ తల పట్టుకుంది. ఆమెకు కోపం రాలేదు. ఆ మాట ఆమె కూడా ఎన్నోసార్లు ఎందరి కోసమో చెప్పింది.

"నెల్లూరు పోయి సంగతి రాసివ్వండి. మళ్ళీ విచారించమని ఆర్డరు వస్తాది, నేనే వస్తా" అన్నాడు యేసురత్నం. "కానీ ఇదే ఆఖరు తడవ అనుకోండి. ఇదీ ఎదురు తిరిగితే ఫైలు మూసేస్తారు, మొదటినుంచీ మళ్ళీ పెట్టుకోవాల."

మొదటినుంచీ పెట్టుకుంటే కోన ఉత్సవాలు దాటిపోతాయి. అది ఆమె ఆయనతో అనలేదు. దండం పెట్టి వచ్చేసింది.

పల్లెలో అడుగు పెట్టగానే ఆదిశేషమ్మ ఎదురొచ్చింది. ముఖం వెలిగిపోతోంది. సుబ్బరత్నమ్మను లోపలికి లాక్కుపోయి తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి చెప్పింది.

"అమ్మీ, నీకోసం పోలీసు వచ్చినాడు. నేను సిక్కనిస్తానా? ఒకే మాట చెప్పి పంపించేసినా. అందరికీ కన్ను గీటినా. నీకేం భయంలేదు, పడుకో నిమ్మళంగా."

"అత్తా..."

"మళ్ళీ వచ్చినా నేనుండా గదా. నీ మొగుడు ఏం తప్పు చేసినా, నువ్వు ఏం తప్పు చేసినా నాకు అక్కర్లేదు. నా బిడ్డలు మీరు."

"తప్పు చేయలేదత్తా. పాస్‌పోర్టు కోసం వచ్చినాడు. నేను ఈడ ఉండానని చెప్తేనే నాకు పాస్‌పోర్టు వచ్చేది."

ఆదిశేషమ్మ నోటి మీద చేయి పెట్టుకుంది. "ఏందే నువ్వనేది? ఉండాదని పోలీసుకు చెప్పాల్నా? అట్టాంటి లోకం ఎప్పుడొచ్చింది?"

ఆమె ఏడవబోతుంటే సుబ్బరత్నమ్మే పట్టుకుని నవ్వించింది. "మంచిదే చేసినావు. నా కోసం ఊరంతటితో అబద్ధమాడించినావు. ఎవురికుంటాది అట్టాంటి అత్త?"

సాయంత్రం కోటేశ్వర్ ఇంటి ముందు నలుగురూ చేరారు. సుబ్బరత్నమ్మ నిలబడి ఉన్నదంతా చెప్పింది. దిష్టికి భయపడి ముందే చెప్పకపోవడం తన పొరపాటేనని కూడా చెప్పింది. ఈసారి పోలీసాయన వచ్చినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పమని అడిగింది.

కోటేశ్వర్ వెంటనే ఒప్పుకోలేదు. ఆయన చెడ్డవాడు కాదు. ఊరి బరువు ఆయన మీద ఉంది.

"నీ పాస్‌పోర్టు ఒక్కసారి పనమ్మా. మా మేత రోజూ ఉండాల. ఖాకీ ముందర ఒకసారి నోరు విప్పినామంటే, రేపు గార్డు వచ్చి 'ఆ రోజు పోలీసుకు చెప్పినారే, ఈ రోజు నాకెందుకు చెప్పరు' అంటే?"

"మందల సంగతి చెప్పమన్లేదు బావా. నా సంగతి చెప్పండి చాలు."

"రెండూ వచ్చేది ఒక నోట్లో నుంచే గదా."

సుబ్బరత్నమ్మ ఇక వాదించలేదు. "మీ మేత పోగొట్టి నా పని చేసుకోను బావా. ఆలోచించుకోండి. చెప్పగలిగినోళ్ళు చెప్పండి. లేనోళ్ళు చెప్పకపోయినా నాకు కోపం లేదు" అని ఇంటికి వెళ్ళింది. ఆ రోజు ఆమె దీపం పెట్టి చాలాసేపు కూర్చుంది. ఏం మొక్కుకున్నావని తర్వాత అడిగితే, "ఏం మొక్కలా. స్వామికి అన్నీ తెలుసు గదా, ఊరికే పక్కన కూర్చున్నా" అంది.

నెల్లూరు పోయి, జరిగింది రాసిచ్చింది. అక్కడి ఆఫీసరమ్మ చదువుతూ చదువుతూ కళ్ళజోడు తీసి తుడుచుకుని నవ్వింది. "ఇట్టాంటి కారణం ఇంతవరకూ చూడలేదమ్మా" అని సంతకం చేసింది.

యేసురత్నం రెండోసారి వచ్చేనాటికి ఊరు తయారుగా ఉంది. మరీ ఎక్కువ తయారుగా ఉంది. ఆదిశేషమ్మ పట్టంచు చీర కట్టుకుంది. అరుగు మీద చాప వేసి ఉంది. బండి చప్పుడు వినగానే నలుగురు ఆడవాళ్ళు ఆమె పక్కన వచ్చి నిలబడ్డారు. కోటేశ్వర్ మాత్రం దూరంగా, తన ఎనుముల దగ్గరే ఉన్నాడు.

"చెప్పవ్వా. ఈ సుబ్బరత్నమ్మ ఈ ఇంట్లోనే ఉంటాదా?"

ఆదిశేషమ్మ గొంతు సవరించుకుంది. "ఉంటాది సార్. ఈడనే ఉంటాది. యాడికీ పోదు. కాపరానికొచ్చినప్పట్నుంచీ ఈ గడప దాటి ఎరగదు."

"అవును సార్, గడప దాటదు" అన్నారు నలుగురూ కలిసి.

యేసురత్నం నెమ్మదిగా తన చేతిలోని పాత పాస్‌పోర్టు జెరాక్సు కాగితాలు తిప్పాడు.

"గడప దాటని మనిషికి ఈ కువైటు ముద్రలన్నీ ఎవురు కొట్టినారవ్వా?"

నలుగురు ఆడవాళ్ళూ ఒకరి వెనకాల ఒకరు దాక్కునేందుకు చూశారు. యేసురత్నం పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు.

"మొన్న ఈడెవురూ ఉండరన్నావు. ఈ రోజు గడప దాటలేదంటావు. ఏది రాసినా నా ఉద్యోగానికి ముప్పే. నేను పైకి ఏం చెప్పాల?"

ఆ క్షణంలో సుబ్బరత్నమ్మకు పెద్దామె ముఖం, లిఖిత ముఖం కళ్ళ ముందు కదిలాయట. తను ఎన్ని చెప్పినా పనికిరాదు. తను ఇక్కడ ఉంటుందని వేరేవాళ్ళు చెప్పాలి. వెళ్ళి ఆదిశేషమ్మ పక్కన కూర్చుని ఆమె చేయి పట్టుకుంది.

"నన్ను కాపాడబాకత్తా. నేనెట్టుండానో అట్ట చెప్పు."

ఆదిశేషమ్మ ఆమెను చూసింది, ఖాకీ గుడ్డలను చూసింది, మళ్ళీ ఆమెను చూసింది. జీవితంలో ఎన్నడూ చేయని పని చేయబోతున్నదానిలా ఒకసారి ఊపిరి పీల్చుకుంది.

"అయితే ఇను నాయనా. ఈ బిడ్డ కువైటులో పని చేస్తాది. సెలవిస్తే ఈడికొస్తాది. ఈడ ఉండేటప్పుడు మొగుడి కోసం మంద కాడికి పోతాది. మొన్న నువ్వొచ్చినప్పుడు సంగంలో ఉండాది, నాకు తెలుసు, తెలిసే చెప్పలా. ఊరికొచ్చిందంటే ముందు దాని ఇంటికి పోదు, నా ఇంటికొస్తాది. నా మోకాళ్ళకు తైలం రుద్ది, అప్పుడు పోయి తాళం తీస్తాది. పోయినేడు మా ఆయన కాలం చేసినాడు. అప్పుడిది కువైటులో ఉండాది. రాలేకపోయింది. పాలోళ్ళం గదా మేము, ఒకే ఇంటిపేరోళ్ళం, మైల ఉంటాది. ఇది ఆ దేశంలో, ఆ పరాయి ఇంట్లో, మైల పట్టింది నాయనా. దీపం పెట్టలా. తలకు నూనె రాయలా. పెద్దదినం అయింది, మైల తీరిందని నేను ఫోన్లో చెప్పినాకే తలకు పోసుకునింది. ఎవురు చూడొచ్చినారు దాన్ని ఆడ? ఎవురడిగినారు? ఈ ఊరి మనిషి గాకపోతే ఎందుకు పడతాది అంత దూరంలో మైల?"

చెప్పి, కొంగుతో ముఖం తుడుచుకుంది. సుబ్బరత్నమ్మ తల దించుకునే ఉంది. ఎవరికీ తెలియదనుకున్న సంగతి అది. లిఖితతో ఎప్పుడో ఫోనులో అన్నది ఈమె దాకా వచ్చింది.

యేసురత్నం జేబులోంచి పెన్ను తీశాడు. రెండే ముక్కలు రాశాడు.

"ఏం రాసినావు నాయనా?"

"నివాసం ఉన్నారు."

"అంతేనా?"

"అంతే అవ్వా. ఈ ఫారంలో దానికే చోటు."

"ఇంత చెప్పించి ఆ రెండు ముక్కలా రాసేది!" అని ఆదిశేషమ్మ విసుక్కుంది. ఈసారి అందరూ నవ్వారు, యేసురత్నం కూడా.

సాక్షులుగా ఇద్దరు ఇరుగుపొరుగువాళ్ళ సంతకాలు కావాలి. ఆదిశేషమ్మ వేలిముద్ర వేసింది. రెండో మనిషి కోసం యేసురత్నం చుట్టూ చూశాడు. ఆడవాళ్ళు వెనక్కి తగ్గారు. అప్పుడు కోటేశ్వర్ చేతులు కడుక్కుని, పంచెకు తుడుచుకుంటూ వచ్చాడు.

"సార్, ఒక మాట. ఈ కాగితం అడివి గార్డులకు పోతాదా?"

"నేను మనిషి ఉండాదా లేదా చూసేదానికి వచ్చినాను పెద్దాయనా. గొర్రెలు ఎన్నుండాయో, యాడ మేస్తాయో నాకెందుకు?"

కోటేశ్వర్ ఆయన ముఖంలోకి కాసేపు చూశాడు. తర్వాత వంగి, అక్షరాలు కూడబలుక్కుంటూ, పేరు పూర్తిగా రాసి సంతకం చేశాడు. సుబ్బరత్నమ్మ ఆయన కాళ్ళకు మొక్కబోతే, "ఊరుకోమ్మా, ఎనుము పేడ ఉండాది కాళ్ళకు" అని వెనక్కి జరిగాడు.

ఆ ఏడు కోన ఉత్సవాలకు పందిళ్ళు వేయకముందే పాస్‌పోర్టు వచ్చింది. మా పల్లె పేరు అచ్చులో చూడడం మాకు అదే మొదటిసారి. ఆదిశేషమ్మకు చదువు రాదు, అయినా పుస్తకం చేతిలోకి తీసుకుని ఊరి పేరు ఎక్కడుందో చూపించమని వేలు పెట్టించుకుంది. ఆ చోటును కళ్ళకద్దుకుంది.

పెంచలనరసయ్య మందను ఇంకొకరికి అప్పజెప్పి సంగం నుంచి వచ్చాడు. ఉదయగిరి దాకా భార్య పెట్టె మోశాడు. దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. బస్సెక్కించాక కిటికీ దగ్గరికి వచ్చి, "ఆ పెద్దామెకు జాగర్తగా తినిపించు" అన్నాడు. ఆయన దగ్గర అంత పొడుగు మాట మేము విన్నది తక్కువ. సుబ్బరత్నమ్మ తలూపి, కళ్ళు తుడుచుకుని, పక్కసీటులో తన సంచి పెట్టి, "ఈడ సంచి ఉండాది, మీరు అటు కూర్చోండి" అని ఎవరినో కసిరింది.

కండక్టరు టికెట్ల మిషను పట్టుకుని వచ్చాడు.

"యాడికమ్మా?"

"కువైటుకు పోవాల. ముందు నెల్లూరికి ఒకటి కొట్టు."